కావన్‌సైట్: ఉంగరానికి పనికిరాని నీలిరాయి

ఖనిజ నమూనాలు చూసి అవేమిటో చెప్పడం నా పని. కావన్‌సైట్ తెచ్చేవాళ్లు మాత్రం పేరు అడగరు, అది ముందే కనుక్కుని వస్తారు. అడిగేది ఒకటే: "ఉంగరంలో పెట్టించుకోవచ్చా?" కొందరు పెట్టించుకున్నాక వస్తారు. జేబుకు చిల్లు పెట్టే అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి తేల్చేద్దాం.

అపోహ: అరుదైన నీలిరాయి కదా, రత్నమే. నీలానికి బదులు ధరించవచ్చు.

వాస్తవం: రంగు తప్ప ఈ రెండింటికీ చుట్టరికం లేదు. నీలం కురువింద జాతి రాయి, అంటే అల్యూమినియం ఆక్సైడ్. గీతలను రాయి ఎంత తట్టుకుంటుందో 1 నుంచి 10 దాకా చెప్పే మోహ్స్ కొలమానంలో కాఠిన్యం 9. కావన్‌సైట్ కాల్షియం, వనేడియం ఉన్న సిలికేట్, పైగా నిర్మాణంలోనే నీటి అణువులున్నాయి. కాఠిన్యం 3 నుంచి 4 మధ్య. ఇంట్లో, వీధిలో ఉండే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, వాటి కాఠిన్యం 7. ఉంగరం వేలికి ఉన్నంతసేపూ ఆ రేణువులు రాయిని గీస్తూనే ఉంటాయి. తుడిస్తే ఇంకా గీస్తాయి.

అసలు ఇది సాన పట్టడానికి వీలుగా దొరికే రాయే కాదు. కొన్ని మిల్లీమీటర్ల సన్నటి సూదులు ఒక కేంద్రం నుంచి అన్ని వైపులకూ విచ్చుకుని కడిమి పువ్వులా గుండ్రంగా అమరుతాయి. కింద తెల్లటి, లేదా లేత గులాబీ రంగు స్టిల్‌బైట్ అనే ఖనిజం పలకలు. ఆ పొందికే దీని అందం, దీని విలువ కూడా. సాన పట్టాలంటే ముందు ఆ సూదులను అరగదీయాలి. అరగదీశాక చేతిలో మిగిలేది తెల్లరాతి మీద ఒక నీలి మరక.

ఒక కుర్రాడు వెండి ఉంగరం తెచ్చాడు. శని దశ నడుస్తోంది, నీలం కొనే స్తోమత లేదు, దీన్ని పెట్టుకుంటే అదే ఫలం అని ఎవరో చెప్పి అమ్మారట. లూప్ (చిన్న భూతద్దం) కింద పెట్టి చూశాను. నీలి గుత్తి సగానికి తెగి ఉంది, సూదుల మధ్య రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు), ఆ రెజిన్‌లో గాలి బుడగలు, పైనంతా సన్నటి తెల్లగీతలు. "పెట్టుకున్న కొన్నాళ్లకే మసకబారింది సార్, దోషం రాయి లాగేసుకుందంటున్నారు. నిజమేనా?" అని అడిగాడు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. "దోషం శనిది కాదు నాయనా, ఇసుకది" అన్నాను. నవ్వలేదు గానీ, కాస్త కుదుటపడ్డాడు. అతని మీద నాకు కోపం లేదు. భయపడ్డ మనిషికి రాయి అంటగట్టినవాడి మీదే.

అపోహ: దక్కన్ పీఠభూమి లావా రాయి ఉన్నచోటల్లా దొరుకుతుంది, మన పొలంలోనూ తవ్వితే పడుతుంది.

వాస్తవం: దయచేసి తవ్వకండి. ఈ ఖనిజం మొదట 1967లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో బయటపడింది, 1973లో శాస్త్రీయ వర్ణన వెలువడింది. ఇవాళ లోకంలో తిరిగే మంచి నమూనాలు దాదాపు అన్నీ పుణె పక్కన వాఘోలీ కంకర క్వారీలవే. దక్కన్ లావా సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటిది. అది చల్లారాక రాతిలోని ఖాళీల్లోకి వేడినీరు ఊరి స్టిల్‌బైట్, హ్యూలాండైట్, కాల్సైట్ లాంటివి పెరిగాయి. ఇవి చాలాచోట్ల ఉన్నాయి. కావన్‌సైట్ రావాలంటే మాత్రం ఆ నీటిలో చాలినంత వనేడియం ఉండాలి, అదీ నాలుగో ఆక్సీకరణ స్థితిలోనే (పరమాణువు నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితిలో) నిలవాలి. ఈ యోగం ఎక్కడపడితే అక్కడ కుదరదు. పొలంలో దొరికిందని నాకు తెచ్చి చూపించేవి ఎక్కువగా సెలడొనైట్ అనే ఖనిజం పూత పట్టిన రాళ్లే. ఆ పచ్చటి పూతను ఫోన్ ఫొటోలో చూస్తే నీలంగా అనిపిస్తుంది, అంతే.

అపోహ: ఇంత నీలం సహజం కాదు, రంగు అద్దారు.

వాస్తవం: సహజమే. ఆ రంగు వనేడియానిది. మోసం రంగులో కాదు, అతికింపులో ఉంటుంది. ఊడిన గుత్తిని మంచి స్టిల్‌బైట్ ముక్క మీద జిగురుతో నిలబెట్టి అమ్ముతారు. గుత్తి మొదట్లో చూడండి: సూదులు రాతిలోంచి మొలిచినట్టున్నాయా, లేక చుట్టూ మెరిసే అంచు ఏదైనా ఉందా? అతినీలలోహిత దీపం కింద చాలా జిగుర్లు తెల్లగానో నీలంగానో వెలుగుతాయి.

అపోహ: వనేడియం విషం, ఇంట్లో పిల్లలున్నారు, పారేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. వనేడియం సిలికేట్ నిర్మాణంలో బందీగా ఉంది, అద్దాల బీరువాలో ఉంటే ఎవరికీ ఏమీ కాదు. పొడి చేసి పీల్చకండి, నోట్లో పెట్టుకోకండి, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. పసిపిల్లల చేతికి ఇవ్వకండి. పిల్లలకేమవుతుందో అన్న బెంగ ఎంతో, వాళ్ల చేతిలో రాయి ఏమవుతుందో అన్న బెంగా నాకు అంతే ఉంది.

అపోహ: ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచితే శక్తి పుంజుకుంటుంది.

వాస్తవం: నీరు ఆరాక సూదుల సందుల్లో ఉప్పు స్ఫటికాలు పేరుకుంటాయి. అవి వదిలించబోతే సూదులే విరుగుతాయి. ఆమ్లంతో శుభ్రం చేయబోతే కింద ఉన్న స్టిల్‌బైట్ పాడవుతుంది. ధ్వని తరంగాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రం సంగతి ఎత్తకండి. చేత్తో పిండే రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదండి, చాలు.

అపోహ: అరుదు కాబట్టి కోట్లు పలుకుతుంది.

వాస్తవం: తెలిసిన ఖనిజ జాతులు 6,000 పైచిలుకు, వాటిలో ఎక్కువ భాగం అరుదైనవే. అడిగేవాడు లేని అరుదుకు ధర రాదు. కావన్‌సైట్ విడి గుత్తులు వాఘోలీ నుంచి బాగానే వచ్చాయి. ధర పలికేది దెబ్బ తగలని గుత్తి, చక్కటి స్టిల్‌బైట్ పీఠంతో సహా ఉన్నప్పుడు.

చీటీ మీద "పెంటగొనైట్" అని రాసి ఎక్కువ అడిగితే మాత్రం ఆగండి. అది వేరే ఖనిజం: రసాయన సూత్రం కావన్‌సైట్‌దే, పరమాణువుల అమరిక వేరు, కావన్‌సైట్ కంటే అరుదు. దాని జంట స్ఫటికాల అడ్డుకోత చూస్తే ఐదు కోణాల నక్షత్రం కనబడుతుంది. అది కనబడకపోతే ఆ అమరికను తేల్చే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్ష ఫలితం చూపించమనండి. చూపించలేకపోతే కావన్‌సైట్ ధరే ఇవ్వండి.