హాఫ్ మ్యాచ్ మార్పిడి: ఎదురుతిరిగింది ఎవరు?

పుట్టుకతో వచ్చే రక్త జబ్బులైన సికిల్ సెల్, తలసేమియాలకు జన్యు చికిత్స మేలా, సగమే సరిపోయే అమ్మానాన్నల వంటి దగ్గరివారి ఎముక మజ్జతో చేసే హాఫ్ మ్యాచ్ మార్పిడి మేలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 2023 డిసెంబరులో అమెరికా ఆమోదించిన క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స ధర 22 లక్షల డాలర్లు. అదే రోజు ఆమోదం పొందిన మరో జన్యు చికిత్స లిఫ్‌జీనియా 31 లక్షల డాలర్లు. మరోవైపు, సికిల్ సెల్ ఉన్న 42 మంది పెద్దవారికి చేసిన హాఫ్ మ్యాచ్ మార్పిడి ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. రెండేళ్ల తర్వాత 95 శాతం మంది బతికి ఉన్నారు. కొత్త మజ్జ నిలిచి, మరే విఘాతమూ లేనివారు 88 శాతం.

తోబుట్టువు మజ్జ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటేనన్నది తలసేమియా పిల్లలున్న ఇళ్లలో అందరికీ కంఠతా వచ్చిన లెక్క. 1981లో అమెరికాలోని సియాటిల్‌లో, ఇటలీలోని పెసారోలో తలసేమియాకు జరిగిన తొలి మజ్జ మార్పిళ్ల కథ కూడా చాలాసార్లు చెప్పుకున్నదే. ఇప్పటి తగువు అర్థం కావాలంటే నేరుగా 2012కు వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉన్న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు సికిల్ సెల్ రోగుల ఫలితాలు ప్రకటించారు. హాఫ్ మ్యాచ్ మార్పిడి జరిగిన 14 మందిలో ఆరుగురికి కొత్త మజ్జ నిలవలేదు. ఎవరూ చనిపోలేదు, కానీ ఆ ఆరుగురికి పాత రక్తమే, పాత జబ్బే తిరిగి వచ్చింది. అప్పటిదాకా వైద్యుల భయమంతా దాత కణాల మీదే. అవి రోగి చర్మం, పేగులు, కాలేయం మీద పడతాయని భయం. దానికి మందు హాప్కిన్స్‌లోనే దొరికింది: మార్పిడి జరిగిన మూడో రోజున, నాలుగో రోజున సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు. రోగి దేహాన్ని పరాయిదిగా గుర్తించి జోరుగా విభజన చెందుతున్న దాత టి కణాలు (దాడి చేసే తెల్ల కణాలు) ఆ దెబ్బకు రాలిపోతాయి. కొత్త రక్తాన్ని తయారుచేసే మూలకణాల్లో ఆ మందును విరిచేసే ఎంజైము ఉంటుంది కాబట్టి అవి బతికిపోతాయి. లుకేమియాలో బాగా పనిచేసిన ఈ పద్ధతి సికిల్ సెల్‌లో ఎందుకు తడబడింది?

నా దృష్టిలో అసలు మలుపు ఈ ప్రశ్నే. లుకేమియా రోగి నెలల తరబడి కీమో తీసుకుని, రోగనిరోధక శక్తి సన్నగిల్లిన స్థితిలో మార్పిడికి వస్తాడు. తలసేమియా, సికిల్ సెల్ రోగులకు ఆ కీమో ఉండదు. వారి నిరోధక వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉంటుంది, మజ్జ కిక్కిరిసి ఉంటుంది. పైగా ఎక్కించుకున్న ప్రతి రక్తపు సంచిలోని తెల్ల కణాలు పరాయి హెచ్‌ఎల్‌ఏ గుర్తులను (తనదేదో పరాయిదేదో దేహం తేల్చుకునే, దాత సరిపోతాడో లేదో చూసే కణాల గుర్తులను) ఆ దేహానికి పరిచయం చేసి ఉంటాయి. ఎదురుతిరిగింది దాత కణాలు కాదు, రోగి దేహమే.

దానికి సాక్ష్యం 2009లోనే అమెరికాలోని హ్యూస్టన్‌లో కనిపించింది. హాఫ్ మ్యాచ్ మార్పిడి చేయించుకున్న 24 మందిలో నలుగురికి తమ దాతకే వ్యతిరేకంగా యాంటీబాడీలున్నాయి. ఆ నలుగురిలో ముగ్గురికి మజ్జ అతుక్కోలేదు. మిగతా ఇరవై మందిలో అలా జరిగింది ఒక్కరికే. ఇప్పుడు దాతను ఖాయం చేసే ముందు రోగి సీరాన్ని (యాంటీబాడీలుండే రక్త ద్రవాన్ని) హెచ్‌ఎల్‌ఏ పూసిన సన్నని పూసలతో కలిపి, అవి ఎంత మెరుస్తాయో కొలుస్తారు. రిపోర్టులో ఆ అంకె వెయ్యి దాటితే ఆలోచన మొదలవుతుంది. ఐదు వేలు దాటితే దాతనైనా మార్చాలి, లేదా రక్తంలోని ప్లాస్మాను తీసి మార్చడం, రిటుక్సిమాబ్ మందు వంటివాటితో యాంటీబాడీలనైనా దించాలి. పిల్లలను కన్న స్త్రీ రోగి అయితే ఇంకో చిక్కు: గర్భంలోనే ఆమె దేహం భర్త వైపు గుర్తులను చూసి ఉంటుంది కాబట్టి, కన్నబిడ్డే సరిపడని దాత కావచ్చు.

బ్యాంకాక్‌లోని రామాథిబోడి ఆసుపత్రి వైద్యులు వేరే దారి పట్టారు. అసలు కండిషనింగ్‌కు (మార్పిడికి ముందు పాత మజ్జను ఖాళీ చేసే చికిత్సకు) ముందే ఫ్లుడరాబిన్, డెక్సామెథసోన్ మందులు రెండు విడతలు ఇచ్చి తలసేమియా రోగి నిరోధక శక్తిని నిద్రపుచ్చారు. 2016లో 31 మంది ఫలితాలు చెబితే, మజ్జ అతుక్కోనివారు ఇద్దరే. హాప్కిన్స్ వారు మార్పిడికి ముందు ఇచ్చే రేడియేషన్‌ను 200 నుంచి 400 సెంటీగ్రేలకు పెంచారు. 2019 నాటి 17 మందిలో విఫలమైంది ఒక్కరికే. 2025 నాటి అంకెల వెనుక ఉన్నది 2012 నాటి ఆ ఆరుగురు నేర్పిన పాఠం.

జన్యు చికిత్స పక్షం చెప్పేదీ నిజమే: సొంత కణాలు కనుక తిరస్కరణ లేదు, దాత కణాల దాడీ లేదు. అయితే దానికి ముందు పాత మజ్జను ఖాళీ చేసే బుసల్ఫాన్ అనే కీమో మందు పూర్తి మోతాదు తప్పదు, దాంతో సంతానయోగ్యత పోయే ముప్పూ తప్పదు. 400 సెంటీగ్రేల రేడియేషన్‌కూ ఆ మచ్చ ఉందిలెండి.

మన దగ్గర చర్చ ధర దగ్గరే ఆగిపోతోంది. 2017లో కోల్ ఇండియా నిధులతో మొదలైన కేంద్ర పథకం పది లక్షల రూపాయల వరకు ఇస్తూ పెట్టిన షరతు, పూర్తిగా సరిపోయే కుటుంబ దాత ఉండాలని. హాఫ్ మ్యాచ్ కుటుంబాలు ఆ గీతకు ఇవతలే నిలబడ్డాయి. వారి అవకాశాలను తేల్చేది మాత్రం అంతకు చాలా ముందు, రక్తం ఎక్కించే డే కేర్ మంచం దగ్గరే. సంచికీ సూదికీ మధ్య తెల్ల కణాలను ఆపే ఫిల్టర్ ఉందా లేదా? రక్తం దొరకని రోజున గ్రూపు కలిసిందని నాన్నే చెయ్యి చాపుతాడు. ఆ సంచితోనే బిడ్డ దేహం నాన్న కణాలను గుర్తుపెట్టుకోవచ్చు. రేపు మజ్జ ఇవ్వాల్సింది కూడా ఆ నాన్నే.