నేల మీద ఉన్నా రెక్క పని ఆగదు

చిత్తూరు నుంచి ఒక విద్యార్థి అడిగారు: రేణిగుంటలో దిగే పెద్ద విమానాలు ఈదురుగాలిలోనూ తమంతట తామే నడిచి వస్తాయి కదా, పాత ఫొటోల్లో చిన్న విమానం రెక్క కొస పట్టుకుని మనుషులు ఎందుకు నడుస్తుంటారు?

ఆ చిన్న విమానాలకు మూడో చక్రం ముక్కు కింద కాదు, తోక కింద ఉంటుంది. 1958లో తొలిసారి ఎగిరిన మన హెచ్‌ఏఎల్ పుష్పక్ అలాంటిదే. వీటి గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు, రెండు ప్రధాన చక్రాలకు వెనుక పడుతుంది. చిక్కంతా అక్కడే. మామిడికాయల లోడుతో ట్రాక్టరును రివర్సులో నడిపినవారికి ఇది చెప్పనక్కర్లేదు. ముందుకు లాగితే ట్రాలీ బుద్ధిగా వెంట వస్తుంది. వెనక్కు నెడితే మాత్రం బెత్తెడు వంకర చూస్తుండగానే బారెడవుతుంది, ఎందుకంటే కదిలే దిశలో చూస్తే నెట్టే బలం చక్రాలకు వెనుక ఉంది. విమానాన్ని అలా నెట్టేది దాని సొంత జడత్వమే. ముక్కు కాస్త పక్కకు తిరిగిందంటే వెనుకనున్న బరువు చక్రాలను దాటి ముందుకు రాబోతుంది, తిరుగుడు తనంతట తానే పెరుగుతుంది, చివరకు విమానం గిర్రున తిరిగి రెక్క నేలను గీరుతుంది. నేర్పరి డ్రైవరు వంకర పెరగకముందే స్టీరింగును కొద్దిగా తిప్పి, ట్రాలీ కదలగానే మళ్లీ సరిచేస్తాడు. రడ్డర్‌ను, అంటే నిలువు తోకలోని కదిలే పలకను, తిప్పే పెడల్స్ మీద పైలట్ పాదాలు చేసేదీ అదే. ట్రాలీకి లేని కష్టం ఇంకొకటుంది: పక్కగాలి నిలువు తోకను నెట్టి ముక్కును తనవైపు తిప్పుకుంటుంది.

ఇక రెక్క. తోక నేలకు ఆని ఉన్నప్పుడు రెక్క ముందంచు పైకి లేచి, గరిష్ఠ లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) ఇచ్చే కోణానికి దగ్గరగా ఉంటుంది. తోక చక్రమున్న చిన్న విమానం పైపర్ జె-3 కబ్ నిండు బరువు సుమారు 550 కిలోలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలోనూ అది గాలిలో నిలవగలదు. ఖాళీ బరువు 345 కిలోలే. లిఫ్ట్ వేగవర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 50 కిలోమీటర్ల ఎదురుగాలి చాలు, ఇంజన్ ఆగి ఉన్న ఖాళీ కబ్ నేల విడవబోతుంది! మే నెలలో తిరుపతిలో ఉరుముల ముందు వచ్చే గాలి విసురు ఆ వేగాన్ని అందుకోగలదు. 30 నుంచి 45కు పెరిగిన గాలి రెండుంపావు రెట్ల బలంతో తాకుతుంది. తరగతి గదిలో ఈ వర్గాన్ని సూత్రంగా రాయించి వదిలేస్తాం. ఈ ఒక్క లెక్క చేయిస్తే పిల్లలు దాన్ని మరచిపోరు.

అందుకే గాలి ముందునుంచి ఎడమవైపుగా వస్తే పైలట్ స్టిక్‌ను (చేతితో పట్టుకునే నియంత్రణ కర్రను) వెనక్కు, ఎడమకు లాగి పట్టుకుంటాడు. ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) లేచి తోక అణుగుతుంది, ఎడమ ఎయిలెరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) లేచి ఆ రెక్క అణుగుతుంది. గాలి వెనుకనుంచి ఎడమవైపుగా వస్తే స్టిక్ ముందుకు, కుడికి.

ఎండాకాలంలో మైదానాల్లో లేచే సుడిగాలిని దయ్యమనేవారు ఇంకా ఉన్నారు. వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలి సుడి తిరగడమే అది. దాని అసలు ప్రమాదం గాలి దిశ క్షణంలో మారిపోవడం. స్టిక్ ఎటు పట్టినా మరుక్షణం తప్పవుతుంది. అప్పుడు రెక్క కొసన నిలబడ్డ మనిషి బరువే ఆధారం. విమానాన్ని నిలిపి ఉంచేటప్పుడైతే తాళ్లతో నేలకు కట్టాలి. తోకను స్టాండు మీదికి ఎత్తి ఉంచితే రెక్క కోణం తగ్గి, లిఫ్ట్ కూడా తగ్గుతుంది.