తీర్చకుండానే తగ్గిన అప్పులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అమెరికా ప్రభుత్వం పీకల్లోతు అప్పుల్లో ఉంది. ప్రజలు, బ్యాంకులు తదితరుల చేతుల్లో ఉన్న బాండ్ల (ప్రభుత్వం అప్పు తీసుకుంటూ రాసిచ్చే పత్రాల) విలువ 1946లో సుమారు 24,200 కోట్ల డాలర్లు. అది ఆ ఏటి జీడీపీలో, అంటే దేశంలో ఏడాదిలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువలో, 106 శాతం. 1974 నాటికి ఆ బాకీ 34,400 కోట్ల డాలర్లకు చేరింది. అంటే మరో పదివేల కోట్లు పెరిగింది. అయినా జీడీపీతో పోలిస్తే దాదాపు 23 శాతానికి దిగింది. యుద్ధం నాటి అప్పును పైసాపైసా కూడబెట్టి తీర్చిందేమీ లేదు. గడువు తీరిన బాండ్ల స్థానంలో కొత్త బాండ్లు అమ్ముతూ పోయారు. ఈలోగా డాలర్లలో లెక్కగట్టిన జీడీపీ ఆరు రెట్లకు పైగా పెరిగింది.

దేశం అప్పు ఇన్ని లక్షల కోట్లు, తలకు ఇంత అన్న లెక్కలు విన్నప్పుడల్లా నాకు ఈ రెండు సంవత్సరాలే గుర్తొస్తాయి. మనిషికి పని చేసే వయసు అయిపోతుంది కాబట్టి తెచ్చిన అసలు మొత్తాన్ని తీర్చాల్సిందే. ప్రభుత్వానికి ఆ గడువు లేదు. ఆదాయం కన్నా అప్పు వేగంగా పెరుగుతోందా, నెమ్మదిగా పెరుగుతోందా అన్నదే దానికి ముఖ్యం.

ఒక చిన్న లెక్క చూద్దాం. అప్పు 100, జీడీపీ 100 అనుకుందాం. వడ్డీ 4 శాతం. వడ్డీ కాకుండా మిగతా ఖర్చులకు పన్నులు చాలక మరో 1 అప్పు తెచ్చారు. దాన్నే ప్రాథమిక లోటు అంటారు. ఏడాది తిరిగేసరికి అప్పు 105. ధరల పెరుగుదలతో కలిపి జీడీపీ 6 శాతం పెరిగితే 106 అవుతుంది. లోటు ఉన్నా జీడీపీతో అప్పు నిష్పత్తి 100 శాతం నుంచి 99కి తగ్గింది. అదే జీడీపీ 1 శాతమే పెరిగి ఉంటే నిష్పత్తి 104కి చేరేది. రెండు సందర్భాల్లోనూ ప్రభుత్వం చేసిన అప్పు ఒక్కటే. ఈ సూత్రాన్ని 1944లో ఎవ్సీ డోమర్ అనే ఆర్థికవేత్త స్పష్టంగా వివరించాడు. యుద్ధ రుణం దేశాన్ని ముంచేస్తుందన్న భయం అప్పట్లో బలంగా ఉండేది. జాతీయాదాయం పెరిగితే భారం దానంతటదే అదుపులో ఉంటుందన్నది ఆయన జవాబు.

నిజానికి అంతకు కొన్నేళ్ల ముందు వరకు ఈ నిష్పత్తిని లెక్కించడానికి సరైన అధికారిక గణాంకాలే లేవు. అమెరికా జాతీయాదాయంపై ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ అంచనాలు ఆ దేశ కాంగ్రెస్ ముందుకు వచ్చింది 1934లో. నెపోలియన్ యుద్ధాల తర్వాత బ్రిటన్ అప్పు జీడీపీకి రెండింతలకు దగ్గరగా ఉందని ఇప్పుడు చెబుతున్న లెక్క చరిత్రకారులు తర్వాత కట్టినదే. అప్పటి పాలకులకు ముఖ్యంగా కనిపించింది వడ్డీ భారం. ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం దానికే పోయేది. దాదాపు శతాబ్దం పాటు బ్రిటన్ ఖర్చు తగ్గించుకుని, పన్నులు వసూలు చేసి, వడ్డీ కడుతూ వచ్చింది. అయితే ఆ పన్నులు ఎవరు కట్టారు? యుద్ధకాలపు ఆదాయపు పన్నును 1816లో రద్దు చేశారు. 1842లో గానీ అది తిరిగి రాలేదు. ఆ మధ్యకాలంలో చక్కెర, టీ వంటి రోజువారీ సరుకుల మీది సుంకాలే ఖజానాకు ప్రధాన ఆధారం. బాండ్లు కొనేంత స్తోమత ఉన్నవారికి వడ్డీ అందింది. ఆ వడ్డీ సొమ్ములో పెద్ద వాటా కొట్టులో సరుకు కొన్న పేదవాడి జేబు నుంచి వచ్చింది.

అమెరికాలో 1946 తర్వాత జరిగింది మరో తీరు. ఆ దేశ కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 1942 నుంచి 1951 దాకా దీర్ఘకాలిక బాండ్ల వడ్డీని 2.5 శాతం దాటనివ్వలేదు. 1947లో ధరలు 14 శాతం పెరిగాయి. దేశభక్తితో యుద్ధ బాండ్లు కొన్న సామాన్యుల పొదుపు విలువ కళ్ల ముందే కరిగిపోయింది. ఇది కూడా పన్నే. కాకపోతే చట్టసభలో చర్చ లేకుండా, ఓటు లేకుండా పడిన పన్ను. యుద్ధానంతర వృద్ధి గొప్పదే, కాదనను. కానీ అప్పు భారం తగ్గడంలో ద్రవ్యోల్బణం వాటాను మరిచిపోయి వృద్ధినే పొగడటం ఆ పొదుపరులకు అన్యాయం.

ఇక ఆ నిష్పత్తిలో హారమైన జీడీపీయే కుంచించుకుపోతే ఏమవుతుందో గ్రీస్ చూపించింది. 2009లో ఆ దేశం అప్పు సుమారు 30,000 కోట్ల యూరోలు. జీడీపీలో 127 శాతం. రుణదాతల షరతుల మేరకు జీతాలు, పింఛన్లు కోశారు, పన్నులు పెంచారు. 2012లో ప్రైవేటు మదుపరుల బాండ్ల ముఖవిలువను 53.5 శాతం తగ్గించారు కూడా. అయినా 2013 చివరికి అప్పు సుమారు 32,000 కోట్ల యూరోలు ఉంది, నిష్పత్తి 175 శాతం దాటింది. అప్పు పెరిగింది కొద్దిగానే. ఆర్థిక వ్యవస్థ మాత్రం దాదాపు 24,000 కోట్ల యూరోల నుంచి 18,000 కోట్లకు పడిపోయింది. సంక్షోభ కాలంలో ఖర్చుల కోత వృద్ధిని ఎంతగా దెబ్బతీస్తుందో అంచనా వేయడంలో తక్కువ చూశామని అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అప్పటి ముఖ్య ఆర్థికవేత్త ఒలివియే బ్లాంషార్, డేనియల్ లీతో కలిసి 2013 జనవరిలో రాశారు. అప్పటికే కోసిన పింఛన్లు ఆ పత్రంతో వెనక్కి రాలేదు.

అప్పు జీడీపీలో 60 శాతం మించకూడదని యూరప్ దేశాలు పాటించాల్సిన హద్దు 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంలో వచ్చింది. జీడీపీ ఏటా 5 శాతం పెరిగితే, వడ్డీతో కలిపి 3 శాతం లోటుతో అప్పు 60 దగ్గర నిలబడుతుంది. ఆ 5 శాతం పెరుగుదల తర్వాత చాలా దేశాలకు అందనే లేదు. అప్పు 90 శాతం దాటితే వృద్ధి కుంటుపడుతుందని ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగోఫ్ 2010లో చెప్పిన మాట కోతలకు ఆయుధమైంది. వారి ఎక్సెల్ షీట్‌లో సగటు తీసేటప్పుడు ఐదు దేశాలు తప్పిపోయాయని 2013లో బయటపడింది. ఏ దేశానికైనా ఫలానా అంకె దాటితే ప్రమాదం అని ముందే గీత గీయడం నాకు నమ్మకం కుదరని పని. జపాన్ 200 దాటినా నిలబడింది. దాని అప్పు సొంత కరెన్సీలో, ఎక్కువగా ఆ దేశంలోని సంస్థలు, ప్రజల దగ్గరే ఉంది. అర్జెంటీనా అప్పు ప్రధానంగా డాలర్లలో ఉంది. 2002లో పెసో విలువ కూలడంతో, అప్పటిదాకా జీడీపీలో సగం చుట్టూ ఉన్న భారం ఒక్కసారిగా వంద శాతం దాటింది.

కోవిడ్ కాలంలో ఎన్నో దేశాల అప్పు ఎగబాకింది. 2021, 2022లో ధరలు పెరిగి జీడీపీ అంకెలు ఉబ్బడంతో నిష్పత్తి కొంత దిగింది. ఆ ధరల్ని అదుపు చేయడానికి వడ్డీ రేట్లు పెంచారు. ఆ పెంపు పాత బాండ్లను వెంటనే తాకదు, వాటి గడువు తీరినప్పుడే తాకుతుంది. అయినా అమెరికాలో 2024లోనే వడ్డీ చెల్లింపులు రక్షణ ఖర్చును మించాయి. ఆ దేశం 2020లో ఒక శాతం కన్నా తక్కువ వడ్డీకి అమ్మిన పదేళ్ల బాండ్లు ఇంకా ఉన్నాయి. 2030లో వాటి స్థానంలో ఆనాటి రేటుకు కొత్తవి అమ్మాలి.