రవ్వకు షట్టరు పట్టదు

ఇనుము రుద్దే గ్రైండర్ నుంచి ఎగిరే నిప్పురవ్వలను ఫొటో తీయబోతే మొదట వచ్చేది తెల్లగా మాడిపోయిన గీతల కుప్ప. వెంటనే షట్టరు వేగం పెంచుతాం. గీతలు పొట్టివవుతాయి, తెలుపు మాత్రం పోదు. రవ్వ నిలకడగా ఉండేది కాదు కదా, సెన్సరు మీద ఒక్కో చుక్కను లిప్తపాటు తాకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత షట్టరు ఎంతసేపు తెరిచి ఉన్నా ఆ చుక్కకు కొత్తగా వెలుగు చేరదు. గీత ఎంత వెలగాలన్నది అపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం), ఐఎస్ఓ (సెన్సరు వెలుగును ఎంత పెంచి చూపాలన్న అమరిక)ల చేతిలో ఉంటుంది. షట్టరు చేతిలో ఉండేవి గీతల పొడవు, సంఖ్య, వెనకగోడ వెలుతురు.

నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే చక్రం అంచు వేగం సెకనుకు సుమారు 58 మీటర్లు. రవ్వ అంతకు మించి పోదు, పైగా గాలి దాన్ని లాగేస్తుంది. అందుకే 1/500 సెకనులో జానెడు గీత కూడా పడదు. ఐఎస్ఓ 100, అపర్చరు ఎఫ్ 11, షట్టరు 1/15 సెకనుతో మొదలుపెట్టండి. రంగుల్ని సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్‌లో ఉంచాలి. ఆటోలో పెడితే నారింజ రంగు చచ్చిపోతుంది. లోహాన్ని బిగించే వైస్ మీద టార్చి వేసి ఫోకస్ చేశాక మాన్యువల్‌కు మార్చేయండి. ఫోన్లలో సాధారణంగా అపర్చరు మారదు కాబట్టి ఐఎస్ఓ అట్టడుక్కి దించి, లెన్సు ముందు వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు పెట్టాలి.

బెంగళూరు మారతహళ్లి సందుల్లో చాలామందికి కింద పార్కింగే వర్క్‌షాపు. రవ్వలు పక్కింటివాళ్ల కారు అద్దానికి తగిలితే అందులోకి కరిగి దిగిపోతాయి, తుడిస్తే రావు. లెన్సు గతీ అంతే. కెమెరా పక్కవాటున, రెండు మీటర్ల దూరంలో ఉండాలి. లెన్సు ముందు మామూలు కిటికీ అద్దం ముక్క నిలబెట్టండి. వెనక నల్లగుడ్డ కట్టాలనిపిస్తుంది, అంటుకుంటుంది. నల్లరంగు పూసిన రేకు మేలు. చక్రం మీది గార్డు తీయొద్దు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, నైలాను బట్టలు వద్దు. పెయింటు థిన్నర్, రంపపు పొట్టు బయటపెట్టాలి. పని ముగిశాక కనీసం అరగంట ఆ చోటుమీద ఓ కన్నేసి ఉంచాలి.

అసలు అందం లోహంలో ఉంది. ఎంఎస్ ఫ్లాటు (తక్కువ కర్బనమున్న మెత్తటి ఉక్కు పట్టీ) రుద్దితే పొడవాటి గీతలు, అక్కడక్కడా చీలికలు. పాత ఆకురాయి ముక్క రుద్దితే కాకరపువ్వొత్తి విరబూసినట్టే. వేడి రాపిడితో మొదలైనా, వెలుగు మాత్రం ఇనుము గాలిలో కాలడం వల్లే. ఉక్కులోని కర్బనం ఆక్సిజన్‌తో కలిసి వాయువై, కరిగిన బొట్టును లోపల్నుంచి పేలుస్తుంది. కర్బనం ఎక్కువైతే పూలూ ఎక్కువే. ఇత్తడి, అల్యూమినియం రవ్వలివ్వవు. అల్యూమినియాన్ని ఆ చక్రానికి తాకించనే వద్దు: దాని పొడి, ఇనుప ఆక్సైడు పొడి కలిసినచోట రవ్వ పడితే థర్మైట్ మంట (ఆ రెండూ కలిసి విపరీతమైన వేడితో మండడం) లేవొచ్చు.

అంతా చల్లారాక అయస్కాంతానికి కాగితం చుట్టి నేలమీది పొడిలో తిప్పండి. భూతద్దం కింద వంకరటింకర రజనుతోపాటు నున్నటి గుండ్రటి పూసలు కనిపిస్తాయి. గాల్లో కరిగి, ఎగురుతూనే గడ్డకట్టిన రవ్వలవి.