సెర్డిక్ వంశం: అపోహలు - వాస్తవాలు

తొలినాటి ఇంగ్లండ్ చరిత్ర పాఠం చెప్పేవాళ్లకు తప్పని ప్రశ్న ఒకటుంది: "వెసెక్స్ రాజవంశానికి మూలపురుషుడు అంటారే, ఆ సెర్డిక్ నిజంగా ఉన్నాడా?" వెసెక్స్ అంటే దక్షిణ ఇంగ్లండ్‌లో వెస్ట్ శాక్సన్ల రాజ్యం; శాక్సన్లు సముద్రం దాటి వచ్చిన జర్మానిక్ జనం. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు గానీ, అతని చుట్టూ అల్లిన కథలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చెప్పొచ్చు.

అపోహ: సెర్డిక్, అతని కొడుకు సిన్రిక్ 495లో అయిదు ఓడల్లో వచ్చి దిగారు, ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లో రాసే ఉంది.

రాసి ఉన్న మాట నిజమే. కానీ ఏడాదివారీగా సంఘటనలు రాసుకొచ్చిన ఆ క్రానికల్‌ను కూర్చింది 9వ శతాబ్దం చివర్లో, అదీ సెర్డిక్ వారసుణ్నని చెప్పుకునే ఆల్ఫ్రెడ్ రాజు హయాంలో. ఇంకో తిరకాసు చూడండి. 514 కింద మళ్లీ వెస్ట్ శాక్సన్లు వచ్చారు, మళ్లీ అదే రేవులో దిగారు, ఈసారి మూడు ఓడలు. మధ్యలో సరిగ్గా 19 ఏళ్లు! ఈస్టర్ తేదీల పట్టికలు నడిచేది 19 ఏళ్ల చక్రం మీదే కాబట్టి, ఆ పట్టికల్లోంచి ఎత్తి రాసేటప్పుడు ఒకే కథ రెండు చోట్ల పడి ఉంటుందని అనుమానం. నాకైతే ఆ అనుమానం సబబుగానే అనిపిస్తుంది.

అపోహ: అతను అచ్చమైన శాక్సన్ వీరుడు.

పేరు మాత్రం శాక్సన్ది కాదు. వేల్స్‌లో కనిపించే కెరెడిగ్ అన్న బ్రిటన్ల (శాక్సన్లకు ముందు నుంచీ ఆ దీవిలో ఉన్నవాళ్ల) పేరుకే ఇది ఇంకో రూపం. ఆ వంశంలోనే తర్వాత 685లో గద్దెనెక్కిన కాడ్వాలాదీ బ్రిటన్ల పేరే. సెర్డిక్ తల్లి అటువైపు మనిషా, లేక అతనే బ్రిటనా అన్నది పేరొక్కటి చూసి తేల్చలేం, కానీ "ఓడ దిగిన శాక్సన్" కథకు ఇక్కడే గండి పడింది.

అపోహ: 501లో వచ్చిన పోర్ట్ అనే వీరుడి పేరే పోర్ట్స్‌మత్‌కు పెట్టారు.

లాటిన్‌లో పోర్టస్ అంటే రేవు, అంతే! ఊరికి మనిషి పేరు పెట్టలేదు, ఊరి పేరులోంచే మనిషిని పుట్టించారు. వైట్ ద్వీపం ఏలాడన్న విట్‌గార్ కూడా ఇలా పుట్టినవాడే.

అపోహ: వంశవృక్షం ఓడిన్ దేవుడి దాకా భద్రంగా ఉంది.

ఓడిన్నే వీళ్లు వోడెన్ అనేవారు. సెర్డిక్ తండ్రి ఎలెసా, తాత ఎస్లా (ఒకే పేరును రెండు ముక్కలు చేసినట్టు లేదూ?), ముత్తాత గెవిస్. వెస్ట్ శాక్సన్ల పాత పేరు గెవిస్సె అని 731లో బీడ్ అనే సన్యాసి-చరిత్రకారుడు రాశాడు, కాబట్టి ముత్తాతగారూ పోర్ట్ బాపతే. పై వరసలోని పేర్లను ఉత్తరాన ఉన్న బెర్నీషియా అనే రాజ్యపు రాజుల జాబితా నుంచి అరువు తెచ్చారని 1953లో పండితుడు కెన్నెత్ సైసమ్ చూపించాడు. అంతటితో ఆగారా? ఆల్ఫ్రెడ్ తండ్రి ఎథెల్‌వుల్ఫ్ దగ్గరికొచ్చేసరికి జాబితా వోడెన్‌ను దాటుకుని ఆదాము దాకా పాకింది, దేవుడు కాస్తా మధ్యలో ఒకానొక తాత అయ్యాడు. ఇక బైబిలుకు అతుకు వెయ్యడానికి నోవహుకు ఇంకో కొడుకును పుట్టించారు, అదీ ఓడలోనే. బైబిల్లో ఎక్కడా లేనివాడు!