ఏ బెట్టకప్పా?

మాది మడకశిర పక్క పల్లె, నేనుండేది యలహంకలో. జీకేవీకేలో, అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, కృషి మేళా అంటే చాలు మా మామ పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాడు, నేను తోడు వెళ్తా. పోయినసారి రాగి ప్లాట్ల దగ్గర నిలబడి అక్కడున్న కుర్రాడిని, "బెట్టకు తట్టుకుంటాదంటివి, సరే, ఏ బెట్టకప్పా?" అని అడిగాడు.

చాలా మంచి ప్రశ్న అది. బెట్ట అంటే వాన ఆగిపోయి నేల ఎండే కాలం, అది పైరు ఏ వయసులో వచ్చిందన్నదే ముఖ్యం. నాటిన ఇరవై రోజులకి వాన ఆగితే రాగి ఆకులు చుట్టేసుకుని ఓపిక పట్టి, చినుకు పడగానే మళ్ళీ పిలకలేస్తుంది. అదే వెన్ను ఇంకా బయటికి రాని పొట్ట దశలోనో పూతలోనో రెండు మూడు వారాలు ఆగిందంటే గింజ కట్టదు, తర్వాత ఎంత కురిసినా గడ్డే మిగుల్తుంది. అందుకే కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లలో కొందరు బెట్ట వచ్చేలోపే కోతకొచ్చే తక్కువ రోజుల రకాలు చేస్తారు, కానీ వానలు బాగా పడిన ఏడు ఆ రకం దీర్ఘకాలపు రకమంత పండదు. ఇంకొందరు లోతు వేరు వెతుకుతారు, వేరేమో కంటికి కనపడదు కదా, పొడవాటి పైపుల్లో మట్టి నింపి మొక్క పెంచి, కడిగి కొలవాలి, వందల రకాలకి అంటే ఎంత పనో. వరిలో అయితే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రీ వాళ్ళు నేరుగా నీళ్ళు ఆపేసిన పొలంలోనే దిగుబడి చూసి ఎంచడం మొదలుపెట్టారు, అలా వచ్చిందే 2010లో విడుదలైన సహభాగి ధాన్ అనే వరి రకం. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, రైతు చివరికి కొలిచేది గింజలనే కాబట్టి.

రాగిలో సంకరం, అంటే రెండు రకాలని కలపడమే పెద్ద కష్టం. పువ్వు చాలా చిన్నది, అర్ధరాత్రి దాటాక తెల్లారేలోపు విచ్చుకుంటుంది, తన పుప్పొడి తనకే తగులుతుంది. అందుకని వెన్నుని సుమారు 52 డిగ్రీల వేడి నీళ్ళలో ఐదు నిమిషాలు ముంచి మగ భాగాన్ని చంపి, ఆ తర్వాత వేరే రకం పుప్పొడి అందిస్తారు. మండ్యలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం వీసీ ఫామ్‌లో శాస్త్రవేత్త లక్ష్మయ్య గారు ఇంత సన్న పువ్వుతోనే మన రాగిని ఆఫ్రికా రాగితో కలిపి ఇండాఫ్ రకాలు తీశారు, రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలలు, మనం మర్చిపోయిన గుణాలు అక్కడి మొక్కల్లో ఉన్నాయన్నమాట. ఆయన్ని కర్ణాటకలో రాగి బ్రహ్మ అంటారు, మన వైపు ఆ పేరు తెలిసినవాళ్ళే తక్కువ, అది నాకు బాధ. 2017లో జీకేవీకే శాస్త్రవేత్తలు ఎంఎల్-365 అనే రాగి జన్యు పటం మొత్తం చదివి 85,243 జన్యువులు లెక్కగట్టారు. బెట్టను తట్టుకునే గుణం అందులో ఏ ఒక్కదాని చేతిలోనూ లేదు, చాలా వాటికి పంచి ఉంది, అందుకే ఒక్క జన్యువు పట్టుకొచ్చి పెడితే పని అయిపోదు.

మామ ఇంకోటి కూడా అడిగాడు, గడ్డి ఎంత ఎత్తు వస్తుందని. రెండు ఎద్దులున్నాయి ఆయనకి, పొట్టి మొక్క ఎంత కాసినా ఆయన చేలోకి రాదు. కుర్రాడు నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాక, "విత్తనం మళ్ళీ కొనాల్నా?" అన్నాడు. అక్కర్లేదు, రాగి తనలోనే ఫలదీకరణ అవుతుంది కాబట్టి మంచి వెన్నులు ఏరి పెట్టుకుంటే వచ్చే ఏటికి అదే రకం వస్తుంది అని ఆ కుర్రాడు చెప్పాక, మామ సంచి తీసి రెండు కిలోలు తూకం వేయమన్నాడు.