వైన్ మాటల మీద అపోహలు - వాస్తవాలు (డ్రై అంటే నోరు ఆరిపోవడం కాదండీ)

వైజాగ్ బీచ్ రోడ్డులో ఒక హోటల్లో వైన్ సర్వీస్ చూస్తాను, కొత్తగా చేరిన పిల్లలకి ట్రైనింగ్ కూడా నేనే ఇస్తాను. పదకొండేళ్లుగా చూస్తున్నా, మనవాళ్లకి రుచి తెలీక కాదు ఇబ్బంది, మెనూలో రాసిన మాటలు చూసి బెరుకు, ఆ బెరుకులో అడగాల్సింది అడగకుండా ఏదో ఒకటి చూపించేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది. అందుకే రోజూ వినేవి కొన్ని రాస్తున్నా.

అపోహ: డ్రై వైన్ తాగితే నోరు ఆరిపోతుంది.

వాస్తవం: డ్రై అంటే తీపి లేనిది, అంతే. ద్రాక్షరసంలో ఉన్న చక్కెరని ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేస్తుంది, దాదాపు అంతా తినేస్తే డ్రై, కొంత మిగిలితే తీపి వైన్. యూరప్ రూల్స్‌లో మామూలుగా లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై అంటారు. షాంపేన్ దగ్గర మాత్రం జాగ్రత్త, ఎక్స్‌ట్రా డ్రై అని రాసుంటే లీటరుకి 12 నుంచి 17 గ్రాములు ఉంటుంది, బ్రూట్ అని రాసుంటే 12 కంటే తక్కువ, అంటే పేరులో డ్రై ఉన్నదే ఎక్కువ తీపి! తీపి వద్దనుకుంటే బ్రూట్ అడగండి.

మరి నోరు పట్టేసినట్టు ఉండేది ఏంటి అంటే అది టానిన్. నేను ట్రైనింగ్ మొదటిరోజు వైన్ ముట్టుకోనివ్వను, పాలూ పంచదారా లేకుండా బాగా మరిగిన టీ డికాక్షన్ ఇస్తాను, నోట్లో తిప్పి ఎక్కడ పట్టిందో చెప్పమంటాను. అనకాపల్లి నుంచి వచ్చిన ఒక కుర్రాడు రెండు గుక్కలు తాగి "చిగుళ్ల దగ్గర మేడమ్, నేరేడుపళ్లు ఎక్కువ తిన్నట్టు నాలిక మొద్దుబారింది" అన్నాడు. అదే టానిన్, అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఇంగ్లీషువాళ్లు దీన్ని వర్ణించడానికి పట్టు, ఇసుక, వెల్వెట్ అంటూ బట్టల కొట్టంతా తిరుగుతారు గానీ మనకి వగరు అని ఒక్క మాట ఉంది, షడ్రుచుల్లో ఒకటి, ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చేది అదే. ద్రాక్ష తొక్కలోంచి, గింజల్లోంచి వస్తుంది. రెడ్ వైన్ తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి వగరు ఎక్కువ, వైట్‌కి ముందే రసం పిండేస్తారు కాబట్టి తక్కువ. చేదు వేరు, వగరు వేరు, ఈ రెండూ కలిపెయ్యకండి.

అపోహ: మెనూలో మిరియాలు, వెన్న, వెనీలా అని ఉంటే అవి కలిపినట్టే.

ఏమీ కలపరు. మిరియాలకి ఆ ఘాటు వాసన ఇచ్చే రోటండోన్ అనే పదార్థం షిరాజ్ ద్రాక్ష తొక్కలో కూడా ఉంటుంది, 2008లో ఆస్ట్రేలియా వాళ్లు కనిపెట్టారు. వెనీలా వాసన వైన్‌ని నిలవుంచే ఓక్ చెక్క పీపాలది. వెన్న వాసనేమో, పుల్ల ఆపిల్‌లో ఉండే మాలిక్ యాసిడ్‌ని బ్యాక్టీరియా పెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్‌గా మార్చేటప్పుడు పుడుతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదట్లో సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ గురించి పుస్తకంలో గూస్‌బెరీ అని చదివి టేబుల్ దగ్గర ఉసిరికాయ వాసన అని చెప్పేసేదాన్ని. గెస్టులు వాసన చూసి చూసి, ఏదీ రావట్లేదే అని ముఖాలు చూసుకునేవారు. తర్వాత తెలిసింది, ఆ గూస్‌బెరీ యూరప్ పొదల్లో కాసే వేరే పండు, మన ఉసిరికీ దానికీ సంబంధమే లేదు. మెనూల్లో కనిపించే బ్లాక్ కరెంట్ అనే పండు కూడా అంతే, నల్ల కిస్‌మిస్ కాదు. ఇప్పుడు పండిన జామకాయ అంటున్నా, అది వట్టి పోలిక కాదు, జామలో ఉండే వాసన పదార్థమే ఆ వైన్‌లోనూ ఉంటుంది, ఎంవీపీ రైతు బజార్లో జామకాయల బుట్ట దగ్గర నిలబడ్డవాళ్లెవరికైనా వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: వింటేజ్ అంటే పాతది.

కాదు, ద్రాక్ష కోసిన సంవత్సరం. నిరుడు కోసినదానికీ వింటేజ్ ఉంటుంది. నాసిక్‌లో వానలు తగ్గాక కొమ్మలు కత్తిరించి దాదాపు జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు, ఫ్రాన్స్‌లో ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, కాబట్టి ఒకే సంవత్సరం వేసిన రెండు సీసాల మధ్య సగం ఏడాది తేడా ఉండొచ్చు.

గ్లాసు అంచున కారే చారలు మంచి వైన్‌కి గుర్తు అనేది కూడా తప్పే, ఆల్కహాల్ ఆవిరయ్యే తీరు వల్ల వస్తాయి, క్వాలిటీ చెప్పవు. బాడీ అంటే బలం కాదు, పల్చటి మజ్జిగకీ చిక్కటి మజ్జిగకీ నోట్లో ఉండే తేడా.

టెర్వార్ అంటే మట్టి వాసన అనుకుంటారు చాలామంది. ద్రాక్ష పండే చోటు వైన్‌కి ఇచ్చే గుణం అది, అందులో నేల ఒక్కటే కాదండీ, ఎత్తు, ఎండ, వాన, కొండవాలు, రాత్రి చలి, అన్నీ. అరకు కాఫీకి 2019లో జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతానిదే అనే గుర్తింపు, వచ్చింది కదా, అదే మొక్కని తెచ్చి మన బీచ్ పక్కన పెడితే ఆ కాఫీ వస్తుందా? ద్రాక్ష సంగతీ అంతే, ఈ ఉప్పుగాలి తేమలో తీగకి తెగుళ్లు తప్పవు.

చివరిది, కార్క్డ్ వైన్. గ్లాసులో కార్క్ ముక్కలు తేలితే కార్క్డ్ కాదు, ముక్కలు తీసేసి తాగొచ్చు. టీసీఏ అనే పదార్థం పట్టిన సీసాని అలా అంటారు. మొన్న ఆగస్టులో ఒక పెద్దాయన గ్లాసు వాసన చూసి చాలాసేపు ఆగి, "ఏమనుకోకమ్మా, నాకీ వైన్ భాష తెలీదు, వానకి తడిసి మూలన పడేసిన న్యూస్‌పేపర్ కట్ట వాసన వస్తోంది, నాకే అలా ఉందేమో" అన్నారు. నేనూ చూశాను, ఆయన చెప్పింది అక్షరాలా నిజం, ఆ లోపాన్ని పుస్తకాల్లో రాసేది కూడా తడి అట్ట, తడి కాగితం అనే. ఆ సీసా పక్కన పెట్టి కొత్తది తెరిచాను, పాతది బిల్లులో వెయ్యలేదు.